నిండిన అతుకు, కరగని ఇనుము

ఇంటి కరెంటుతో నడిచే చిన్న వైరు ఫీడ్ వెల్డింగ్ యంత్రం పలుచని ఇనుమును ఎంత సులువుగా అతుకుతుందో, మందపాటి ఇనుము దగ్గర అంత సులువుగా మోసం చేస్తుంది. 2 మి.మీ. గొట్టాలతో చేసిన గేటును ఏళ్ల తరబడి నిలబెట్టిన యంత్రమే, 8 మి.మీ. పలకను మరో 8 మి.మీ. పలకకు అతికినప్పుడు కూడా నిండుగా, నునుపుగా, చేప పొలుసుల వంటి వరసలతో అతుకు వేసిపెడుతుంది. కాని ఆ నిండుదనం కింద పలక కరగకుండా అలాగే ఉండిపోయి, పైన పడిన లోహం దానికి అంటుకుని మాత్రమే ఉండవచ్చు. రెండు లోహాలు కరిగి ఒకటిగా కలవకపోవడాన్ని శాస్త్రభాషలో సంలీన లోపం అంటారు; పైపైన పట్టింది అన్నా అర్థం అదే. అతుకు రూపాన్ని చూసి దాని బలాన్ని అంచనా వేసే అలవాటు ఈ యంత్రం విషయంలో ఎందుకు పనికిరాదో తెలియాలంటే, ముందు అది వేడిని ఎలా పుట్టిస్తుందో చూడాలి.

షాపుల్లో సీఓటూ వెల్డింగ్ అనీ, పుస్తకాల్లో మిగ్ లేదా మ్యాగ్ వెల్డింగ్ అనీ పిలిచే ఈ పద్ధతిలో, చుట్టగా ఉన్న సన్నని ఉక్కు తీగను చిన్న మోటారు గన్నులోకి ఆగకుండా తోస్తుంటుంది. తీగ కొనకూ పలకకూ నడుమ విద్యుత్ చాపం, అంటే ఆర్క్, వెలుగుతుంది. కరిగిన లోహానికి గాలి తగలకుండా నాజిల్ నుంచి వచ్చే వాయువు కప్పుతుంది. ఇది 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో అల్యూమినియం కోసం రూపొందింది. 1953లో బొగ్గుపులుసు వాయువును రక్షణగా వాడడం మొదలయ్యాక ఉక్కుకు చవకగా అందింది. సన్నని తీగతో, తక్కువ వోల్టేజీతో పనిచేసే షార్ట్ సర్క్యూట్ విధానం 1950ల చివర వచ్చింది. చిన్న యంత్రాలన్నీ ఈ విధానంలోనే నడుస్తాయి. ఇందులో తీగ కొన పలకను తాకి, షార్ట్ అయి, చుక్కగా తెగి, మళ్లీ చాపం వెలుగుతుంది. ఇలా సెకనుకు 20 నుంచి 200 సార్లు జరుగుతుంది. యంత్రం చేసే చిటపట శబ్దం ఇదే. తీగ తాకిన ప్రతిసారీ చాపం ఆరిపోతుంది కనుక పలకకు చేరే వేడి తక్కువగా ఉంటుంది. పలుచని రేకు చిల్లు పడకుండా ఉండడానికి కోరి తెచ్చుకున్న ఈ గుణమే మందపు పలక దగ్గర దోషమవుతుంది.

ఇక గోడలోని సాకెట్టు ఇవ్వగలిగింది ఎంత అన్నది రెండో ప్రశ్న. 230 వోల్టులు, 16 ఆంపియర్లు గుణిస్తే 3,680; ఆ సాకెట్టు నుంచి న్యాయంగా తీసుకోగలిగిన సామర్థ్యం అంతకు మించదు. యంత్రంలో వృథా అయ్యే పదిహేను శాతాన్ని తీసేస్తే, మిగిలిన శక్తితో సుమారు 145 ఆంపియర్ల చాపాన్ని నిలపవచ్చు. అది కూడా యంత్రం పవర్ ఫ్యాక్టరు బాగున్నప్పటి మాట. చవక ఇన్వర్టర్ యంత్రాల్లో అది 0.7 దగ్గర ఉంటుంది కనుక అదే సాకెట్టు మీద లెక్క 110 ఆంపియర్లకు పడిపోతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 200 అని అచ్చు వేసిన యంత్రాన్ని నిజంగా 200 దగ్గర నడిపితే గోడ నుంచి 25 నుంచి 35 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఎంసీబీ పడిపోవడమో, సాకెట్టు కమలడమో తప్పదు. కొనేవారు చూడవలసింది డబ్బా ముందున్న అంకెను కాదు, వెనక అతికించిన రేటింగ్ పట్టికను. అమెరికా ఇళ్లలోని మామూలు సాకెట్టులో 120 వోల్టులే ఉంటాయి కనుక, అక్కడి గరాజుల్లో ఇదే పనికి దిగేవారి అవస్థ మరీ ఎక్కువ. వారి చిన్న యంత్రాలు సాధారణ 15 ఆంపియర్ల సర్క్యూట్ మీద 90 ఆంపియర్లు దాటడమే కష్టం.

ఒకే దఫాలో పూర్తిగా కరగాలంటే మందంలో ప్రతి మిల్లీమీటరుకూ దాదాపు 40 ఆంపియర్లు కావాలన్నది వెల్డర్లలో చిరకాలంగా ఉన్న మోటు లెక్క. దాని ప్రకారం 3 మి.మీ. పలకకు 120 చాలు, 6 మి.మీ. పలకకు 240 కావాలి, అంటే ఇంటి సాకెట్టు పరిధి దాటిపోయినట్టే. మందం పెరిగితే వేడి ఎక్కువ కావాలన్నంతే కాదు, వేడి పారిపోయే తీరే మారిపోతుంది. పలుచని రేకులో వేడి పక్కలకు మాత్రమే పోగలదు. మందపు పలకలో పక్కలతో పాటు లోతుకు కూడా పోతుంది. నిలువు పలకను అడ్డపలక మీద నిలిపి మూలలో వెల్డు చేసే టీ అతుకులో వేడికి మూడు దారులు దొరుకుతాయి. వాటిలో రెండు అడ్డపలకలోవే. అందుకే సంలీన లోపం ముందుగా కనిపించేది అడ్డపలక వైపే.

ఇక్కడ ఒక లెక్క చూడదగింది. 0.8 మి.మీ. తీగ 140 ఆంపియర్ల దగ్గర నిమిషానికి సుమారు 7 మీటర్లు కరుగుతుంది. అంటే నిమిషానికి 3,500 ఘన మిల్లీమీటర్ల లోహం, తూకంలో 27 గ్రాములు. 6 మి.మీ. కాలు ఉన్న మూల అతుకు కోత వైశాల్యం 18 చదరపు మిల్లీమీటర్లు కనుక, ఈ లోహంతో నిమిషానికి 19 సెంటీమీటర్ల అతుకు నిండిపోతుంది. నింపడానికి యంత్రం దగ్గర లోహానికి కొదువ లేదు. పలకను కరిగించడానికి వేడికే కొదువ. రాడ్డుతో చేసే ఆర్క్ వెల్డింగులో కరెంటు చాలకపోతే రాడ్డు పలకకు అంటుకుపోయి, పని ముందుకు సాగనీయకుండా మొరాయిస్తుంది. వైరు ఫీడ్ యంత్రంలో మోటారు తీగను తోస్తూనే ఉంటుంది కనుక పలక కరిగినా కరగకపోయినా అతుకు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఫిర్యాదు చేయని పనిముట్టు ఇది.

ఇలాంటి యంత్రంతో మందపు పని అసాధ్యమేమీ కాదు. అయితే పని భారాన్ని చాపం మీద నుంచి గ్రైండరు మీదికి మార్చుకోవాలి. రెండు 10 మి.మీ. పలకలను అంచులు కలిపి అతకాలంటే, ప్రతి అంచునూ 30 డిగ్రీల వాలుగా చెక్కి, అడుగున 1 నుంచి 2 మి.మీ. అంచును చెక్కకుండా మూతిగా వదిలి, నడుమ 2 మి.మీ. సందు ఉంచితే, కలిపి 60 డిగ్రీల వీ ఆకారపు గాడి ఏర్పడుతుంది. అప్పుడు చాపం కరిగించవలసింది 10 మి.మీ. మందాన్ని కాదు, గాడి అడుగున ఉన్న పలుచని మూతిని. ఆ తర్వాతి వరసలు గాడి గోడలనూ, కింది వరసనూ కరిగిస్తూ పైకి వస్తాయి. ఒకవైపు నుంచే నింపితే గాడి వైశాల్యం 67 చదరపు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది; రెండు వైపులా చెక్కి నింపితే 50 లోపే సరిపోతుంది, పలక ఒకవైపుకు వంగిపోవడం కూడా తగ్గుతుంది.

వేడి మీద చుట్టిన పలకల మీద ఉండే నల్లని పొరను, అంటే మిల్ స్కేలును, అతుకు పడే చోట తెల్లని లోహం కనబడేదాకా రుద్దాలి. రాడ్డు మీది ఫ్లక్సు ఇలాంటి మలినాన్ని కొంతవరకు కరిగించుకుంటుంది. వాయువు ఆ పని చేయలేదు. పలకను గ్యాస్ బర్నరుతో ముందుగా 120 నుంచి 150 డిగ్రీల దాకా వేడి చేయడం కూడా మేలే. మెత్తని ఉక్కుకు ఈ మందంలో లోహశాస్త్ర రీత్యా అది తప్పనిసరి కాకపోయినా, పలక వేడిని గుంజుకునే వేగం తగ్గుతుంది, తేమ ఎగిరిపోతుంది. మందపు పలక అతుకును వేగంగా చల్లార్చేస్తుందన్న భయం ప్రమాణాల్లోనూ ఉంది: ఉక్కు కట్టడాలకు వర్తించే ఐఎస్ 800:2007 ప్రకారం, 10 మి.మీ. వరకు మందానికి మూల అతుకు కనీస పరిమాణం 3 మి.మీ. కాగా, 10 దాటి 20 వరకు అది 5 మి.మీ.

గన్ను పట్టే తీరులో రెండు సంగతులు మిగతా అన్నింటికన్నా ముఖ్యం. మొదటిది, చాపం ఎప్పుడూ కరిగిన మడుగు ముందు అంచు మీద ఉండాలి. చేయి నెమ్మదిస్తే వేడి ఎక్కువ అందుతుందని చాలామంది అనుకుంటారు. కాని మరీ నెమ్మదిస్తే మడుగు చాపం ముందుకు పారి, పరుపులా అడ్డుపడి, కింది పలకకు వేడి చేరనివ్వదు. పై నుంచి కిందికి దిగుతూ వేసే నిలువు అతుకులో ఇది దాదాపు ప్రతిసారీ జరుగుతుంది కనుక, మందపు పలకను కింది నుంచి పైకి మాత్రమే అతకాలి. రెండోది, టిప్పు బయట తీగ పొడవు. అది 10 మి.మీ. దగ్గర ఉండాలి, గాడి లోపలికి అందక గన్ను దూరం జరిగితే తీగ పొడవు పెరిగి, దాని నిరోధం వల్ల తీగ తానే ముందుగా వేడెక్కి, యంత్రం కరెంటు తగ్గిపోతుంది. కరెంటు ఎక్కువ కావలసిన గాడి అడుగునే అది తగ్గడం ఈ పనిలోని పెద్ద చిక్కు. వాయువు విషయంలో చర్చ అక్కరలేదు: ఆర్గాన్ కలిసిన వాయువు అతుకును అందంగా ఉంచుతుంది, ఒట్టి బొగ్గుపులుసు వాయువు చిందులు ఎక్కువ వేసినా లోతుగా కరిగిస్తుంది, మందపు పనికి చవకైనదే మేలైనది కావడం అరుదైన అదృష్టం.

లోపల ఫ్లక్సు నింపిన బోలు తీగ వాడితే అదే యంత్రం నుంచి మరికొంత లోతు రాబట్టవచ్చు, ఎందుకంటే కరెంటు మొత్తం తీగ పైతొడుగు గుండానే పోవడం వల్ల దాని సాంద్రత పెరుగుతుంది. వాయువు అక్కరలేని రకం తీగకు గన్నును రుణ ధ్రువానికి మార్చాలి. మామూలు తీగకు ఉన్నట్టే ధన ధ్రువంలో వదిలేసి, తీగ బాగాలేదని తిట్టేవారు ఉన్నారు. తీగ పేరును కూడా చదవాలి. ఈ71టీ-జీఎస్ రకం ఒకే వరసకు ఉద్దేశించినది, ఒకదానిపై ఒకటిగా వరసలు వేస్తే అతుకు పెళుసు కావచ్చు. పలు వరసలకు ఈ71టీ-11 రకం తీసుకోవాలి.

యంత్రానికి అలసట కూడా ఉంటుంది. 140 ఆంపియర్ల దగ్గర డ్యూటీ సైకిల్ 20 శాతం అని రాసి ఉంటే, పది నిమిషాల్లో రెండు నిమిషాలే చాపం వెలగాలి, ఎనిమిది నిమిషాలు చల్లారాలి అని అర్థం. పైన చెప్పిన 10 మి.మీ. గాడిని ఒకవైపు నుంచి 10 సెంటీమీటర్ల పొడవున నింపడానికి దాదాపు రెండు నిమిషాల చాపం కావాలి కనుక, బెత్తెడు అతుకే యంత్రానికి పది నిమిషాల కోటాను తినేస్తుంది. ఆ శాతాన్ని లెక్కగట్టేది 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత దగ్గర. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల షెడ్డు కింద ఆ కోటా ఇంకా తగ్గుతుంది. సాకెట్టు దూరమై 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 20 మీటర్లు లాగితే, 16 ఆంపియర్ల దగ్గర దాదాపు 7 వోల్టులు దారిలోనే పోతాయి. సాయంత్రం పూట వోల్టేజీ అసలే పడిపోయే ఊళ్లలో ఆ 7 కూడా బరువే.

ట్రాక్టరు ట్రాలీ హుక్కు, బండి ఛాసిస్, జాకీ, మనిషి ఎక్కే నిచ్చెన తగిలే బ్రాకెట్టు వంటివి ఈ యంత్రానికి అప్పజెప్పకూడదు. కమాను పట్టీల వంటి ఎక్కువ కార్బను ఉక్కు వేగంగా చల్లారితే గట్టిపడి పగులుతుంది కనుక దాన్ని అసలే ముట్టకూడదు. ఏడాదికి ఒకటి రెండుసార్లే మందపు పని తగిలేవారికి, అదే సాకెట్టు మీద నడిచే చిన్న ఇన్వర్టర్ ఆర్క్ యంత్రం, 3.15 మి.మీ. రాడ్డు మేలు, అదే 120 ఆంపియర్ల దగ్గర వైరు యంత్రం 20 వోల్టుల చాపం ఇస్తే, రాడ్డు 25 వోల్టుల చాపం ఇస్తుంది, పైగా అది మాటిమాటికీ ఆరిపోదు.

అతుకు నిజంగా పట్టిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పనిలో వాడబోయే మందపు పట్టీలోంచే రెండు ముక్కలు కోసి, రుద్ది, టీ ఆకారంలో నిలిపి, ఒకవైపు మాత్రమే అదే సెట్టింగుతో అతకాలి. చల్లారాక అడ్డపలకను వైసులో బిగించి, నిలువు పలకను అతుకు ఉన్న వైపుకే సుత్తితో వంచాలి. అప్పుడు అతుకు మూలం తెరుచుకుంటుంది. సంలీనం లేకపోతే రెండు మూడు దెబ్బలకే అతుకు మొత్తం పట్టీలా లేచి వస్తుంది; అది పడిన చోట అడ్డపలక మీద చూస్తే, ముందు గ్రైండరు గీసిన గీతలు ఒక్కటి కూడా చెరగకుండా ఉంటాయి. అంచు చెక్కి, పలక వేడి చేసి, తీగ పొడవు తగ్గించి మరో జత అతికి చూస్తే, నిలువు పలక వంగి అడ్డపలక మీద దాదాపు పడుకునేదాకా అతుకు వదలకపోవచ్చు; ఒకవేళ తెగినా అతుకు మధ్యలోంచి, బూడిదరంగు గరుకు ముఖంతో తెగుతుంది, గ్రైండరు గీతల జాడ ఎక్కడా కనబడదు.