పాత డీజిలు జీపు – ఇల్లాలు చూడవలసినవి

దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీనగరు ప్రాంతములలో కాపురముండువారిలో అనేకులకు ఇబ్రహీంపట్నము వైపుననో, చౌటుప్పల వైపుననో, నల్లగొండ పల్లెలలోనో కొంత పొలము కలదు. వానకాలమున ఆ బాటలలో చిన్న కారు దిగబడును. కావున బొలేరో, స్కార్పియో, థార్ వంటి డీజిలు జీపు కావలెనని మగవారు ముచ్చటపడుట తప్పు గాదు. అయితే క్రొత్తది కొన శక్తి చాలక పాతది కొనునపుడు, చీటీ పాడిన సొమ్మో, ఇల్లాలి గాజులు కుదువబెట్టిన సొమ్మో చేతులు మాఱుచుండును. అట్టియెడ బండిని చూచుటకు ఆమె ఏల పోరాదు? యంత్రముల సంగతి ఆడువారికేమి తెలియునను మాటను లెక్కింపకుడు. చూడవలసినవానిలో సగము, కన్నును ముక్కును గలవారెవ్వరైనను చూడగలరు.

మొట్టమొదట విచారింపవలసినది నీటి సంగతి. 2020 అక్టోబరు నెల కుంభవృష్టికి సరూర్‌నగరు చెఱువు పొంగి, కోదండరాంనగరు మున్నగు కాలనీలలో ఇండ్లలోనికే నీరు వచ్చినది; వీథులలో నిలిపిన బండ్లు మునిగినవి. అట్లు మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, మెఱుగుపెట్టి అమ్మకమునకు నిలిపినచో పైకి దాని కథ తెలియదు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు సాధనము లేదు. గాలిని దాని పరిమాణములో పదునాఱవ వంతుకో అంతకంటె తక్కువకో నొక్కగా పుట్టిన వేడికే నూనె మండును. గాలి నలుగును గాని నీరు నలుగదు. ఇంజను తిరుగుచుండగా నీరు లోనికి పోయెనా, పైకి వచ్చు పిస్టను దానిని ఢీకొనును, కనెక్టింగు రాడ్డు వంగును. ఒక్కొక్కప్పుడది కొంచెమే వంగి, కొన్నాళ్లు నడిచి, ఏ అర్ధరాత్రియో దారిలో విఱుగును.

దీనిని కనిపెట్టుటకు సీటు బెల్టును తుదివఱకు బయటికి లాగి చూడుడు. పై భాగమును కడిగినవారు చుట్టలోపలి భాగమును మఱచుట కలదు. అచ్చట బురదచాఱ కనిపించును. కార్పెట్టు ఎత్తి చేయి పెట్టుడు. సీటు క్రింది ఇనుప పట్టాల త్రుప్పును, స్టెప్నీ గుంటలోని మన్నును చూడుడు. ముక్కవాసన మాట అటుంచి, అత్తరు వాసన గుప్పుమను బండిని నేనైతే మఱింత అనుమానింతును. వఱదలో మునుగకున్నను వాగులలో దిగిన జీపు సంగతియు ఇట్టిదే. దాని గేరుపెట్టెలోని నూనె పాలు కలిసిన కాఫీవలె నున్నచో లోనికి నీరు చేరినదని తెలియవలెను.

బండిని చూచుటకు ఉదయమే పోవలెను. తాము వచ్చువఱకు ఇంజను కదిలింపవలదని అమ్మువానికి ముందే చెప్పి, పోయిన వెంటనే బానెట్టుపై చేయి పెట్టి చూడుడు. వేడిగా నున్నచో చల్లని ఇంజను మొండికెత్తునని అతడెఱుగునేమో! బయలుదేరునపుడు కొంచెము పొగ సహజము. వేడెక్కిన పిమ్మటను నీలిపొగ విడువకున్నచో ఇంజను ఆయిలు మండుచున్నది. నల్లపొగ వచ్చినచో ఇంజెక్టరులో, గాలి చాలకపోవుటలో, టర్బోలో లోపముండవచ్చును. ఇంతవఱకు మనము చూడగలము. అటుపైని ఆటోనగరునుండి నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకొని పోవుట మేలు. అమ్మువాడు చూపిన మెకానిక్కు వలదు.

జీపులన్నియు నాలుగు చక్రములతో లాగునవి కావు. బొలేరోలలో చాలవఱకు వెనుక చక్రములతోనే నడచును. నాలుగు చక్రముల బండియని అధిక వెల అడిగినచో, ఆ గేరును మట్టినేలపై వేయించి చూడవలెను. తారురోడ్డుపై దానిని పరీక్షించిన బిగిసికొని యంత్రమునకే చెఱుపు.

2020 ఏప్రిలు నుండి వచ్చిన భారత్ స్టేజి ఆఱు డీజిలు బండ్లలో మసిని పట్టు జల్లెడ యొకటి కలదు. అది శుభ్రపడుటకు అప్పుడప్పుడు నిలుకడగా దూరము పరుగెత్తవలెను. దిల్‌సుఖ్‌నగరు రద్దీలో బడికిని బజారుకును మాత్రమే తిరుగు బండిలో అది మూసికొనిపోవును. పొలము లేని కుటుంబమునకు డీజిలు జీపు అనవసరమని నా అభిప్రాయము.

వెల మఱీ చౌకయైనచో ఎచ్చటి బండియో అడుగుడు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదనెను. 2018లో సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచెను. 2025లో కొంత సడలింపు కలిగినను, అప్పటికే అనేకము చౌకగా ఇతర రాష్ట్రములకు తరలినవి. అట్టి బండికి అచ్చటి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను, ఇచ్చట జీవితకాలపు పన్ను కట్టవలెను. ఆ పన్ను కలిపి చూచిన చౌక యెంతయో తేలును. రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును; పిమ్మట పరీక్షలో నెగ్గిననే పొడిగింపు.

బండిపై బ్యాంకు అప్పు తీఱినదో లేదో, చలానాలు మిగిలినవో లేదో చూచినగాని బయానా ఇయ్యకుడు. ఇరువది తొమ్మిదవ, ముప్పదవ నమూనా పత్రములపై ఎదుటనే సంతకములు చేయించుకొని, ముప్పది దినములలో పేరు మార్పించుకొనవలెను. బీమా మార్పునకు గడువు పదునాలుగు దినములే.