నవ్వు పుట్టించే తొలి ఎత్తులు

చదరంగంలో తెల్లపావులతో ఆడే వ్యక్తికి మొదటి ఎత్తుగా ఇరవై అవకాశాలు ఉంటాయి. ఎనిమిది బంట్లలో ఒక్కొక్కదాన్ని ఒక గడి గాని రెండు గళ్ళు గాని జరపవచ్చు కనుక అవి పదహారు, రెండు గుర్రాలు చెరి రెండు దిక్కులకు దూకగలవు కనుక అవి నాలుగు. ఈ ఇరవైలో గంభీరమైన పోటీల్లో తరచుగా కనిపించేవి నాలుగైదుకు మించవు. బంటును బోర్డు మధ్యకు నడపాలి, గుర్రాలను, వాలుగా నడిచే శకట్లను త్వరగా బయటికి తేవాలి, రాజును ఒక మూల భద్రపరచాలి అనే మూడు సూత్రాల చుట్టూ అయిదు శతాబ్దాలకు పైగా పుస్తకాలు పెరుగుతూ వచ్చాయి. ఆట ఆరంభంలోని ఎత్తుల వరుసను ‘ఓపెనింగ్’ అంటారు. బెల్‌గ్రేడ్ నుంచి అయిదు సంపుటాలుగా వెలువడిన ఓపెనింగుల విజ్ఞాన సర్వస్వం వీటన్నిటినీ అయిదు వందల సంకేతాల కింద వర్గీకరించింది. ఆ వరుసలో మొట్టమొదటి సంకేతం ‘ఏ00’, అంటే ఏ పద్ధతికీ లొంగని వింత ఎత్తులన్నిటినీ కలిపి పడేసిన గంప. పండితులు గంపలో పడేసిన ఆ ఎత్తులనే కొందరు ఉద్దండులు ఏరుకుని, ప్రపంచ స్థాయి పోటీల్లో ఆడి చూసేవారిని నవ్వించడం, అప్పుడప్పుడు గెలవడం కూడా చదరంగ చరిత్రలో ఒక సరదా అధ్యాయం.

ఈ నవ్వు ఎక్కడ పుడుతుందో గమనించాలంటే ముందుగా ఒక తేడాను గుర్తించవలసి ఉంటుంది. నిన్నగాక మొన్న ఆట నేర్చుకున్న పిల్లవాడు రాజు పక్కనున్న రెండు బంట్లను అజాగ్రత్తగా జరిపి, ఎదుటి మంత్రి వాలుగా దూసుకురాగా రెండో ఎత్తుకే ఆట కట్టించుకుంటే, అది కేవలం పొరపాటు, చూసేవారికి జాలి తప్ప మరేమీ కలగదు. ప్రపంచ విజేత తెలిసి తెలిసి అటువంటి ఎత్తు వేసినప్పుడు మాత్రం సభ అంతా నవ్వుతుంది, ఎందుకంటే ఆ ఎత్తు ఎందుకు తప్పో ఆయనకు తెలుసునని అందరికీ తెలుసు. కాబట్టి చదరంగంలో హాస్యం ఎత్తులో ఉండదు, నియమం తెలిసిన చేతికీ నియమం తప్పిన ఎత్తుకూ మధ్యనున్న దూరంలో ఉంటుంది. ఆట తెలియనివారికి ఈ హాస్యం బొత్తిగా అందకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇందుకు అన్నిటికంటె స్వచ్ఛమైన ఉదాహరణ ‘బాంగ్‌క్లౌడ్’ అనే ఓపెనింగ్. తెల్లపావుల ఆటగాడు రాజు ముందున్న బంటును రెండు గళ్ళు నడిపి, రెండో ఎత్తులోనే ఆ ఖాళీలోకి రాజును ఒక గడి ముందుకు జరుపుతాడు. ఈ ఒక్క ఎత్తుతో మంత్రికీ శకటుకూ దారి మూసుకుపోతుంది, రాజు నడిబజారులో నిలబడతాడు, రాజునూ ఏనుగునూ ఒకేసారి జరిపి రాజును మూలకు చేర్చే ‘క్యాసిలింగ్’ అనే హక్కు శాశ్వతంగా పోతుంది. చదరంగంలో చేయకూడని పనుల్లో ఇన్నిటిని ఒకే ఎత్తులో పొందికగా కూర్చడం కూడా ఒక రకమైన ప్రతిభే. గంజాయి పీల్చే గొట్టానికీ దాని పొగకూ ముడిపెట్టిన ఆ పేరు, మత్తులో ఉన్నవాడు తప్ప ఇంకెవరూ ఇలా ఆడరన్న వెక్కిరింపును మోస్తుంది. అయినా 2021 మార్చిలో ఇంటర్నెట్ ద్వారా జరిగిన ఒక ప్రతిష్ఠాత్మక పోటీలో నాటి ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సన్ అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురాపై ఇదే ఎత్తు వేశాడు. ఇద్దరూ తరువాతి దశకు అప్పటికే అర్హత సాధించి ఉన్నందున ఆ ఆట ఫలితంతో పని లేదు. నకమురా క్షణం తటపటాయించక తన రాజును కూడా అలాగే ముందుకు జరిపాడు, ఆపైన రెండు రాజులూ ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు ముందుకు వేస్తూ ఒకే స్థితిని మూడుసార్లు తెచ్చి, ఆరు ఎత్తుల్లో ఆటను డ్రాగా ముగించాయి. వ్యాఖ్యాతలు నవ్వు ఆపుకోలేకపోయారు.

ఇటువంటి విదూషకత్వానికి మూలపురుషుడెవరని అడిగితే సావియెలీ తార్తాకోవర్ పేరు చెప్పడం న్యాయం. రష్యాలోని రొస్తోవ్‌లో 1887లో పుట్టి, వియన్నాలో న్యాయశాస్త్రం చదివి, పోలండ్ తరఫున, ఆ తరువాత ఫ్రాన్స్ తరఫున ఆడిన ఈ గ్రాండ్‌మాస్టర్ ఆటలో ఎంత దిట్టో చమత్కార వాక్యాలు రాయడంలోనూ అంత దిట్ట. 1924లో న్యూయార్క్‌లో జరిగిన మహా టోర్నమెంట్ మధ్యలో విరామం దొరికినప్పుడు ఆటగాళ్ళు బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలకు వెళ్ళగా, తార్తాకోవర్ అక్కడ సూజన్ అనే ఒరాంగుటాన్‌తో సంప్రదించి, మర్నాడు మొదటి ఎత్తుగా ‘బి4’ ఆడవలసిందిగా ఆమె సలహా ఇచ్చిందని ప్రకటించాడు. బోర్డుపై నిలువు వరుసలను ఎడమ నుంచి ఏ, బి, సి అంటూ హెచ్ వరకు, అడ్డ వరుసలను ఒకటి నుంచి ఎనిమిది వరకు గుర్తిస్తారు కనుక, బి4 అంటే ఎడమ నుంచి రెండో బంటును రెండు గళ్ళు నడపడం. ఆ బంటు బి4కూ అక్కడి నుంచి బి5కూ పాకే తీరు కొమ్మలెక్కే కోతిని తలపిస్తుందని కూడా ఆయన సమర్థించుకున్నాడు. హంగేరీకి చెందిన గేజా మారోసీపై ఆయన నిజంగానే ఆ ఎత్తు వేసి, మొదటి ఘట్టంలో చెప్పుకోదగిన స్థితినే సాధించి, చివరకు ఓడిపోయాడు. సూజన్ సలహా పూర్తిగా తప్పని అనడానికి వీలు లేదు, ఓటమి ఆ తరువాతి ఎత్తుల వల్ల వచ్చింది. ఆ ఓపెనింగుకు ‘ఒరాంగుటాన్’ అనే పేరు మాత్రం స్థిరపడిపోయింది.

నవ్వు ఓటమితో ముగిస్తే అది విదూషకుడి కథ, గెలుపుతో ముగిస్తే ఎదుటివాడికి జీవితకాలపు తలవంపు. 1980లో స్వీడన్‌లోని స్కారా పట్టణంలో జరిగిన ఐరోపా జట్ల పోటీలో ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ టోనీ మైల్స్ సోవియట్ జట్టు తరఫున ఆడిన నాటి ప్రపంచ విజేత అనతోలీ కార్పోవ్‌ను ఎదుర్కొన్నాడు. కార్పోవ్ రాజు ముందున్న బంటును రెండు గళ్ళు నడిపితే, మైల్స్ జవాబుగా అంచునున్న బంటును ఒక్క గడి జరిపి ‘ఏ6’ ఆడాడు. ప్రపంచ విజేత బోర్డు మధ్యభాగాన్ని ఆక్రమిస్తుండగా మూలనున్న బంటును అలా కదపడం మర్యాద తప్పడం వంటిదే. రెండో ఎత్తుగా మైల్స్ పక్కనున్న బంటును బి5కు నడిపేసరికి ప్రేక్షకుల నవ్వు తనకు ఇబ్బంది కలిగించిందని ఆయనే తరువాత రాసుకున్నాడు. ఆ ఎత్తుల వెనుక ఆలోచన లేకపోలేదు. ఏ6 బంటు అండతో బి5 బంటు నిలిస్తే, దాని వెనుక శకటు బి7 గడిలో కూర్చుని బోర్డు మధ్యభాగాన్ని దూరం నుంచే గురి చూడగలదు. నలభై ఆరు ఎత్తుల తరువాత ఓడినవాడు కార్పోవ్. బోర్డు బయట కూడా మైల్స్ లోకం తీరుకు లోబడే మనిషి కాడు. 1985లో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ పోటీలో నడుము నొప్పి భరించలేక, మర్దనకు వాడే బల్లపై బోర్లా పడుకుని పలు ఆటలు ఆడి, మరి ఇద్దరితో కలిసి ప్రథమ స్థానాన్ని పంచుకున్నాడు.

మైల్స్‌కు ఆ ఓపెనింగ్ మైకేల్ బాస్మన్ నుంచి అందిందంటారు. ఇంగ్లండ్‌కే చెందిన ఈ ఇంటర్నేషనల్ మాస్టర్ వింత ఎత్తులనే వృత్తిగా చేసుకున్నవాడు, బడిపిల్లలకు దేశవ్యాప్తంగా చదరంగ పోటీలు నడిపిన నిర్వాహకుడు కూడా. ఆయనకు ఇష్టమైన తొలి ఎత్తు ‘జి4’, అంటే రాజుకు రక్షణ కల్పించవలసిన బంటును రెండు గళ్ళు తోసి నిరాధారంగా వదిలివేయడం. ఇరవై తొలి ఎత్తుల్లోనూ ఇదే నాసిరకమని ఆధునిక కంప్యూటర్ల తీర్పు. స్విట్జర్లాండ్ ఆటగాడు హెన్రీ గ్రోబ్ దశాబ్దాల పాటు దీన్ని ప్రచారం చేసి, పత్రికా పాఠకులతో ఉత్తరాల ద్వారా వందల ఆటలు ఆడినందున దీనికి ‘గ్రోబ్’ అనే పేరు వచ్చింది. నల్లపావులతో ఇదే ఎత్తు వేస్తే ఆ పేరును తిరగేసి ‘బోర్గ్’ అంటారు. ఇందులో దాగిన ఉచ్చు సరళమైనది. ఎదుటివాడు శకటుతో ఆ దిక్కులేని బంటును తింటే, దాని కాపలా తప్పిన బి7 బంటు మీదికి గ్రోబ్ ఆటగాడి శకటు పొడవాటి వాలు వెంట గురిపెడుతుంది, మరో బంటు సి4కు వచ్చి మధ్యలో అడ్డును తొలగించే పని చేపడుతుంది. జాగ్రత్తపరుడికి ఈ ఉచ్చు తగలదు గాని, ఉచిత బంటు కనబడితే జాగ్రత్తగా ఉండేవారు తక్కువ.

వింత ఎత్తు పని చేసే తీరు తెలుగువారికి కొత్తది కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి పద్యానికి సంబంధం లేని కొంటె ప్రశ్న వేసినప్పుడు, అవధాని నవ్వుతూ జవాబు చెప్పక తప్పదు, జవాబు చెబుతూనే ధారణ చెదరకుండా కాపాడుకోకా తప్పదు. కంఠస్థం చేసిన ఓపెనింగ్ వరుసలతో వచ్చిన ఆటగాడికి కూడా మొదటి ఎత్తుకే అటువంటి ప్రశ్న ఎదురైతే, పుస్తకం మూతపడి గడియారం నడుస్తూ ఉంటుంది. పైగా ఇంత చెత్త ఎత్తును శిక్షించి తీరాలన్న పంతం పుడుతుంది, ఓడితే నవ్వులపాలవుతానన్న బెరుకు కూడా తోడవుతుంది. అయితే నిబ్బరమున్నవారి ముందు ఈ మంత్రం పారదు. 2005లో జరిగిన సిగెమన్ పోటీలో నకమురా రెండో ఎత్తుకే మంత్రిని ‘హెచ్5’ గడికి పరుగెత్తించి, పసిపిల్లలు వేసే ఎత్తును భారత గ్రాండ్‌మాస్టర్ కృష్ణన్ శశికిరణ్‌పై వేయగా, ఆ చెన్నై ఆటగాడు తొణకక బెణకక సుదీర్ఘంగా ఆడి గెలిచాడు.

నవ్వులాటగా మొదలై గౌరవం సంపాదించిన ఎత్తులూ లేకపోలేదు. 1921లో బుడాపెస్ట్‌లో అలెగ్జాండర్ అలెఖిన్ తెల్లబంటుకు జవాబుగా గుర్రాన్ని ముందుకు దూకించి, బంట్లను తనపైకి ఉసిగొల్పుకున్నప్పుడు అది విపరీతంగానే తోచింది. ఇప్పుడు అది ఆయన పేరుతో పాఠ్యభాగమైంది. ఒరాంగుటాన్ సలహా ఓడిన ఆ న్యూయార్క్ టోర్నమెంట్‌లోనే రిచర్డ్ రేటి బంటును మధ్యకు తోయకుండా గుర్రంతో ఆట మొదలుపెట్టి, ఎనిమిదేళ్ళుగా ఓటమి ఎరుగని నాటి ప్రపంచ విజేత కపాబ్లాంకాను ఓడించాడు. నేడు ఆ ఎత్తును చూసి నవ్వేవారు లేరు.

ఆటను పక్కనపెట్టి నవ్వు మాత్రమే మిగిలినప్పుడు అధికారులు ఊరుకోరు. 2023 డిసెంబరులో సమర్‌ఖండ్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీలో, అంటే ఒక్కొక్కరికి కొద్ది నిమిషాల వ్యవధి మాత్రమే ఉండే ఆటల పోటీలో, గ్రాండ్‌మాస్టర్లు దనీల్ దూబోవ్, ఇయాన్ నెపోమ్నిషి గుర్రాలను అటూ ఇటూ తిప్పి డ్రా చేసుకోగా, ఫలితం ముందే కుదుర్చుకున్నదన్న నిర్ణయంతో ఇద్దరికీ సున్నా వేశారు. కార్ల్‌సన్, నకమురాల రాజుల నాట్యం ఫలితంతో పని లేని ఆటలో జరిగింది, ఇది ఇతర పోటీదారుల స్థానాలను తాకే ఆటలో జరిగింది. ఈ తేడాను పాటించినంత వరకు పాఠకులు కూడా ఈ సరదాను నిరభ్యంతరంగా రుచి చూడవచ్చు. బి4ను, ఏ6ను ఏ పోటీలోనైనా ధైర్యంగా ఆడవచ్చు, జి4ను ఉచ్చు వివరాలు తెలిసిన తరువాతనే ఆడాలి, రెండో ఎత్తుకు రాజును నడిపించే బాంగ్‌క్లౌడ్‌ను మాత్రం ఓడినా కలిసి నవ్వుకోగల స్నేహితుడి ఎదుటనే ఆడాలి.