పెరటిలో వసంతపు పూలు

మంచు కురియు దేశములలో వసంతము రాగానే పూలు నేలమీద పూయును. మన తెలంగాణములో అట్లు కాదు. మాఘ ఫాల్గుణ మాసములకు చల్కా నేలల పైపొర ఎండిపోవును. చిన్న మొక్కలు చాలవరకు గింజ రాల్చి ఎండును. లోతుకు వేరు పాతుకొన్న చెట్లు మాత్రము ఆకు రాల్చి పూతపట్టును. కావున అడవి పూలను పెరటిలో పెంచగోరువారు వసంతమున చెట్లను గమనించి గుర్తుంచుకొనవలెను. వేసవిలో విత్తనము సేకరింపవలెను. మృగశిర కార్తెలో విత్తవలెను.

గమనింపవలసినవి

సికింద్రాబాదు చుట్టుపట్ల రాతి గుట్టల నడుమ మిగిలిన ఖాళీ స్థలములలోను, పాత బంగళాల ఆవరణములలోను ఈ చెట్లను చూడవచ్చును. ఫిబ్రవరి, మార్చి నెలలలో మోదుగ, బూరుగ ఎర్రగా పూయును. మోదుగపూవు హోలీ రంగునకు, ఆకు విస్తళ్లకు పనికివచ్చును. మార్చి, ఏప్రిల్ నెలలలో వేప, కానుగ పూయును. వేపపూత లేనిదే ఉగాది పచ్చడి లేదు. కానుగ రొట్ట పొలమునకు మంచి ఎరువు. పిమ్మట ఏప్రిల్, మే నెలలలో రేల పసుపుపచ్చని గుత్తులు వ్రేలాడదీయును.

పెరటిని గీకివేయరాదు

ఉగాదికి ఇల్లు వాకిలి శుభ్రపరచుట మంచి ఆచారమే. కాని పెరటినంతను గీకి, రాలిన ఆకును తగులబెట్టినచో నేలలోని గింజలు మాడిపోవును, ఉన్న కొద్ది తేమయు పోవును. ఆ ఆకునే మొక్కల మొదళ్ల చుట్టు పరచవలెను. ఆవరణమంతయు సిమెంటు చేసినచో వాననీరు ఇంకుటకు చోటుండదు. వేసవిలో బోరుబావి ఎండిన ఇంటివారికి ఈ నష్టము వేరుగ చెప్పనక్కరలేదు.

గడ్డిచేమంతి, తుమ్మి, విష్ణుక్రాంతము మొలచిన ఒక మూలను విడిచిపెట్టవలెను. వీని పూలకు సీతాకోకచిలుకలు, తేనెటీగలు వచ్చును. వయ్యారిభామను మాత్రము ఉపేక్షింపరాదు. 1950 దశకమున పూనా ప్రాంతమున కనిపించిన ఈ విదేశీ మొక్క నేడు దేశమంతట వ్యాపించినది. దీనివలన చర్మమునకు దురద, కొందరికి ఉబ్బసము కలుగును. చేతికి తొడుగు వేసికొని, పూతకు ముందే వేరుతో పెరికివేయవలెను.

విత్తనము, నాటుట

మోదుగ కాయలు మే, జూన్ నెలలలో పండును. కాయ కొనయందు ఒకే గింజ యుండును. దానిని నిలువచేయక ఆ వానకాలమే విత్తవలెను. వేపగింజకు మొలకశక్తి కొద్ది వారములే నిలుచును; పండు గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తవలెను. రేల గింజ పెంకు గట్టిది. మరిగిన నీటిని దించి, అందు గింజలు వేసి, రాత్రియంతయు నాననిచ్చి విత్తవలెను. పెద్ద చెట్లను గోడకు కనీసము 15 అడుగుల దూరమున నాటవలెను. బూరుగ మహావృక్షమగును గనుక ఇంటి దగ్గర తగదు.

చిన్న పెరడు గలవారికి తంగేడు మేలు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పముగ ప్రకటింపబడిన ఈ మొక్క నాలుగైదు అడుగులు పెరుగును. పశువులు సాధారణముగ దీనిని మేయవు. గింజలను గరుకు రాతిపై కొద్దిగ రుద్ది, ఒక రాత్రి నానబెట్టి సంచులలో విత్తవలెను. మొదటి వేసవి నీరు పోసిన చాలును. తొట్ల క్రింద పళ్లెములలో నీరు నిలువనీయరాదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది ఈ సికింద్రాబాదులోనే అని మరువరాదు.

గ్రామాధికారులకు

1950లో కె.ఎం. మున్షీ గారు ఆరంభించిన వనమహోత్సవము జూలైలో జరుగును. అప్పుడు మొక్కకై వెదకుట కంటె, ఈ వసంతముననే గ్రామములో బాగుగ పూచిన చెట్లకు సున్నపు గుర్తు పెట్టించి, బడిపిల్లలచే గింజలు ఏరించుట మేలు. ఖర్చు లేదు, మన నేలకు అలవాటుపడిన విత్తనము దొరకును. బడి ఆవరణములోను, పంచాయతీ కార్యాలయము ముందును రెండేసి మోదుగలు నాటినచో, నేటి పిల్లల బిడ్డలు హోలీ రంగునకు అంగడికి పోనక్కరలేదు.