కంటి ఆపరేషన్ ముందు రక్తపరీక్షలో ‘పాజిటివ్’ అని వస్తే

మన పెద్దవాళ్లలో చాలామంది శుక్లం ఆపరేషన్ ఇండియా వెళ్లినప్పుడే చేయించుకుంటారు. అక్కడ చాలా కంటి ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కు ముందు షుగర్, బీపీతో పాటు హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా చేస్తారు. కాలేయాన్ని పట్టే ఈ వైరస్ తమ ఒంట్లో ఉందని కొందరికి మొదటిసారి తెలిసేది అప్పుడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ఇండియాలో సుమారు 2.98 కోట్ల మందికి హెపటైటిస్ బి, 55 లక్షల మందికి హెపటైటిస్ సి ఉన్నాయి. చాలామందికి ఆ సంగతే తెలియదు. పచ్చకామెర్లు కనబడాలని లేదు. పుట్టినప్పుడు తల్లి నుంచో, శుభ్రం చేయని సూది వల్లో, ఎప్పుడో ఎక్కించిన రక్తం వల్లో వచ్చి, ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండానే కాలేయాన్ని దెబ్బతీయవచ్చు.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన శుక్లం ఆపరేషన్ మానుకోనక్కరలేదు. అసలు చిక్కు ఆ తర్వాతే. చూపు వస్తుంది, అందరూ సంతోషిస్తారు, రిపోర్టు మాత్రం ఫైల్లోనే ఉండిపోతుంది.

ఆ కాగితాన్ని లివర్ డాక్టరుకు చూపించండి. హెపటైటిస్ సి అయితే, వైరస్ ఇంకా ఉందో లేదో తేల్చడానికి మరో పరీక్ష కావాలి. ఉంటే 8 నుంచి 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. హెపటైటిస్ బిని మందులతో అదుపులో ఉంచవచ్చు; అందరికీ మందులు అవసరం రాకపోయినా, క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవాలి. కంటి జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలు రాస్తుంటే, బి ఉన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. వాటివల్ల వైరస్ మళ్లీ విజృంభించవచ్చు.

ఇంట్లో ఎవరికైనా బి ఉంటే భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి. లేనివారికి టీకా ఉంది. రేజర్లు, టూత్‌బ్రష్‌లు ఎవరివి వాళ్లే వాడుకోవాలి. పంక్తిలో కలిసి భోంచేస్తే, ఒకే ఇంట్లో ఉంటే ఇది అంటుకోదు. వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి పెద్దవాళ్ల మనసు కష్టపెట్టకండి.

ఇక్కడ అమెరికాలో శుక్లం ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్షలు మామూలుగా చేయరు. కనుక మనమే అడగాలి. 18 ఏళ్లు దాటిన ప్రతివారూ జీవితంలో ఒక్కసారైనా సి పరీక్ష చేయించుకోవాలని 2020లో, బి పరీక్ష చేయించుకోవాలని 2023లో సీడీసీ సూచించింది. ఈసారి వార్షిక చెకప్‌కు వెళ్లినప్పుడు ఈ రెండూ మీ డాక్టరును అడగండి.