పరాయి సైనికుని నేరానికి తీర్పరి ఎవరు?

ఒక దేశపు సైన్యం మరొక దేశంలో విడిది చేసినప్పుడు, అందలి సైనికుడు స్థానికుణ్ణి చంపితే హతుని వారసులు ఏ న్యాయస్థానానికి పోవాలి? హైదరాబాదు వాసులకు ఇది క్రొత్త ప్రశ్న కాదు.

1798 నాటి ఒడంబడికతో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో తన రాజ్యంలో ఉంచుకున్నాడు. 1806లో ఆ దండుకు సికందర్ జా పేరిట సికింద్రాబాదు అని పేరు వచ్చింది. నేల నిజాముది, దండులోనూ, రెసిడెన్సీ బజారులలోనూ చెల్లింది మాత్రం బ్రిటిషు అధికారం. రెసిడెన్సీ బజారులు 1933లో గాని నిజాం ప్రభుత్వానికి తిరిగి రాలేదు.

అయితే అధికారం ఇచ్చినంత మాత్రాన నేల పరాయిది కాదు. నిజాం రాజ్యంలోని రైల్వే భూములపై బ్రిటిషు వారికి అధికారం లభించి ఉండగా, సిమ్లా మేజిస్ట్రేటు వారంటుపై యూసుఫుద్దీన్ అనే వ్యక్తిని ఆ భూమిలో అరెస్టు చేశారు. ఆ భూమి నిజాం రాజ్యభాగమేననీ, ఇచ్చిన అధికారం రైల్వే వ్యవహారాలకే పరిమితమనీ, అందుచేత ఆ అరెస్టు అక్రమమనీ 1897లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ సమస్యను ఎంతో ముందే విచారించింది. అభయం పొంది ప్రవేశించిన పరదేశీయుణ్ణి ముస్తామిన్ అంటారు. అతడు దొంగతనం చేస్తే హద్దు శిక్ష వర్తించదని ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ ముహమ్మద్‌ల అభిప్రాయం. వర్తిస్తుందని ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయం. కాని హత్యకు ఖిసాస్ విషయంలో, దొంగిలించిన సొమ్ము చెల్లింపు విషయంలో మినహాయింపు లేదు. ఎందుకంటే అవి హుఖూఖుల్ ఇబాద్, అనగా దాసుల హక్కులు. సైన్యంతో స్వయంగా ఖలీఫా గాని, రాష్ట్రాధిపతి గాని ఉంటే ఆయన తన శిబిరంలో హద్దు అమలు జరుపవచ్చు. కేవలం ఒక దళనాయకునికి ఆ అధికారం లేదని హనఫీ పండితులు చెప్పారు. తీర్పు చెప్పే అధికారం ఖడ్గంతో రాదు, అప్పగింతతో వస్తుంది.

నేటి ఒప్పందాలు ఈ హక్కును పంచుతున్నాయి. 1951 నాటి నాటో ఒప్పందం ప్రకారం విధినిర్వహణలో జరిగిన నేరంపై మొదటి హక్కు సైన్యాన్ని పంపిన దేశానిది. స్థానికులపై జరిగిన ఇతర నేరాలలో ఆతిథ్యమిచ్చిన దేశానిది. ఐక్యరాజ్యసమితి శాంతిదళాల సైనికుల నేరాలను మాత్రం వారి దేశమే విచారించాలి.

నేడు హైదరాబాదులో విదేశీ దండు లేదు. కాని హైటెక్ సిటీ చేరువన నానక్‌రామ్‌గూడకు 2023లో తరలివచ్చిన అమెరికా కాన్సులేట్‌ను కొందరు అమెరికా నేల అనుకుంటారు. అది భారత భూమియే. 1963 నాటి వియన్నా ఒప్పందం కాన్సులర్ అధికారులకు రక్షణనిచ్చేది అధికార కార్యాలకే; ఘోర నేరమైతే న్యాయాధికారి ఉత్తర్వుపై అరెస్టుకు కూడా వీలున్నది.

అన్యాయంగా హతుడైనవాని వారసునికి ఖుర్ఆన్ (17:33) హక్కునిచ్చింది. విచారణ ఎక్కడ జరగాలో పాలకులు ఒప్పందం చేసుకోవచ్చు. విచారణయే లేకుండా చేసే ఒప్పందం మాత్రం తమది కాని హక్కును దానం చేయడమే అవుతుంది.