మీకు తెలుసా? గట్టి తలగడ కుట్టిన ఇల్లాలు

తలగడ మెత్తగా ఉండాలని అందరం కోరుకుంటాం. 1824లో బర్మా రాజధాని ఆవాలో ఒక ఇల్లాలు మాత్రం కావాలనే గట్టి తలగడ కుట్టింది. చూసినవాడికి ఆశ పుట్టకూడదు. ఒకవేళ ఎత్తుకుపోయినా, తల ఆన్చలేక అవతల పారేయాలి. అదీ ఆమె లెక్క. ఆ దూది మధ్యలో ఉన్నది బర్మా భాషలో కొత్త నిబంధన రాతప్రతి. పదేళ్ల కష్టం, ఇంకా అచ్చు మొహం చూడని కాగితాలు.

ఆమె పేరు ఆన్ హాజెల్‌టైన్ జడ్సన్. 1789 డిసెంబరు 22న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టింది. బర్మా బైబిలు అనగానే ఆమె భర్త అదోనిరామ్ జడ్సన్ పేరు చెబుతారు. చెప్పాల్సిందే, అనువాదం అతనిదే. కానీ ఆ కాగితాలనూ, వాటిని రాసిన మనిషినీ బతికించుకున్నది ఆన్. ఆ మాట గట్టిగా చెప్పుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఇంగ్లీషువాళ్లకూ బర్మా రాజుకూ యుద్ధం మొదలవగానే, తెల్లవాళ్లంతా గూఢచారులేనన్న అనుమానంతో 1824 జూన్ 8న జడ్సన్‌ను పట్టుకెళ్లి జైల్లో వేశారు. ఆన్ ముందు ఆ కాగితాలను వెండి సామానుతో పాటు మట్టిలో పాతిపెట్టింది. వానలు పడితే బూజు పట్టి పోతాయి. అందుకే తవ్వి తీసి తలగడలో పెట్టి కుట్టి, జైల్లో ఉన్న భర్తకే పంపింది. కొన్నాళ్లకు జైలువాళ్లు ఖైదీల వస్తువులు పంచుకున్నప్పుడు ఆ తలగడ ఒకడి వాటాకు వెళ్లిపోయింది. ఆన్ అంతకంటే మంచి తలగడ ఇచ్చి దాన్ని మార్చుకుంది. ఆ తర్వాత ఖైదీలను వేరే చోటికి తరలించిన రోజున, పైన చుట్టిన చాప కోసం ఒకడు ఆశపడి, దాన్ని ఊడబెరుక్కుని లోపలి దూది ముద్దను విసిరేశాడు. వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్న మౌంగ్ ఇంగ్ అనే బర్మీయుడు ఆ దూది ముద్దను చూసి, అయ్యగారి గుర్తుగా ఉంటుందని ఇంటికి తీసుకెళ్లాడు. లోపల ఏముందో అతనికి తెలియదు. నెలల తర్వాత విప్పి చూస్తే కాగితాలు భద్రంగా ఉన్నాయి. 1832లో ఆ కొత్త నిబంధన అచ్చయింది.

రంగంలో దిగిన తొలిరోజు

ఉత్తరాంధ్ర పెద్దలు రంగూన్‌ను రంగం అంటారు. రంగం వెళ్లి నాలుగు రాళ్లు వెనకేసుకుని వచ్చినవాళ్ల కథలు ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. మనవాళ్ల వలసలు జోరందుకోవడానికి చాలా ఏళ్ల ముందే, 1813 జూలై 13న, ఆన్ ఎక్కిన ఓడ ఆ రేవుకు చేరింది. ఒంట్లో ఓపిక లేదు. ఓడలోనే తొలికాన్పు జరిగి, బిడ్డ దక్కలేదు. కుర్చీకి వెదురు బొంగులు కట్టి, నలుగురు మోసుకుంటూ ఊళ్లోకి తీసుకెళ్లారు. దారిలో బర్మా ఆడవాళ్లు మూగి, ఆమె టోపీ కింద ముఖం ఎలా ఉందోనని వంగి వంగి చూశారట. ఆమె నవ్వింది. వాళ్లూ పకపకా నవ్వారు.

ఓడలో భార్యాభర్తల తగువు

వాళ్ల పెళ్లి 1812 ఫిబ్రవరి 5న అయింది. పద్నాలుగు రోజులకే సేలం రేవులో ఓడ ఎక్కేశారు. పిల్లనివ్వమని అడుగుతూ జడ్సన్ మామగారికి రాసిన ఉత్తరం చాలా పేరున్నది. మీ అమ్మాయిని మళ్లీ ఈ లోకంలో చూడకపోవచ్చు, అందుకు ఒప్పుకుంటారా అని దాపరికం లేకుండా అడిగాడు. తండ్రి నిర్ణయం కూతురికే వదిలేశాడు.

ఇప్పుడు అసలు విశేషం. ఆన్ అమెరికా నుంచి బయలుదేరినప్పుడు బాప్టిస్టు కాదు! ఇద్దరూ కాంగ్రిగేషనల్ సంఘానికి చెందినవాళ్లు, జీతం ఇచ్చేదీ ఆ సంఘమే. నెలల తరబడి సాగిన ఆ సముద్రప్రయాణంలో జడ్సన్ గ్రీకు బైబిలు ముందేసుకుని, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం సరైనదేనా అని తర్కించడం మొదలుపెట్టాడు. ఆన్‌కు అది నచ్చలేదు. నువ్వు బాప్టిస్టువైతే అవ్వు, నేను మాత్రం అవ్వను అని తేల్చి చెప్పింది. అక్కడితో ఊరుకోలేదు, పుస్తకాలు తనే తిరగేసింది, వాక్యాలు పోల్చి చూసుకుంది. చివరికి తన చదువే తనను ఒప్పించింది. 1812 సెప్టెంబరులో కలకత్తాలో ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. దాంతో జీతం పోయింది, పంపినవాళ్ల అండ పోయింది. మొగుడు చెప్పాడని తలూపిన మనిషి కాదు ఆన్. నాకు ఆమె మీద గౌరవం మొదలైంది ఇక్కడే.

ఈస్టిండియా కంపెనీ మిషనరీలను ఉండనివ్వలేదు, వెళ్లిపొమ్మంది. ఆన్‌తో పాటు ఓడ ఎక్కిన స్నేహితురాలు హారియెట్ నెవెల్ పందొమ్మిదేళ్ల పిల్ల. దిక్కులేని ఆ ప్రయాణాల్లోనే పురిటిబిడ్డను పోగొట్టుకుని, మారిషస్‌లో తనూ కన్నుమూసింది. జడ్సన్ దంపతులు మారిషస్ నుంచి 1813 జూన్‌లో మద్రాసు చేరారు. అక్కడ ఉంటే మళ్లీ కంపెనీవాళ్ల చేతికి చిక్కుతామన్న భయం. రేవులో బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న ఓడ రంగూన్ వెళ్తోంది. బర్మాను వాళ్లు ఎంచుకోలేదు, ఆ ఓడ తీసుకెళ్లింది.

వంటింట్లో నేర్చిన బర్మా భాష

బర్మా అక్షరాలు ఎప్పుడైనా చూశారా? మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి. తాటాకు మీద గంటంతో గీసే అలవాటు వల్ల రెండు లిపులకూ ఆ వంపులు వచ్చాయంటారు. జడ్సన్ పొద్దస్తమానం పంతులు పక్కన కూర్చుని తాటాకు పుస్తకాలు చదివాడు. ఆ పంతులుకు ఇంగ్లీషు ముక్క రాదు. ఆన్‌కు అంత తీరిక ఎక్కడిది? వంటవాళ్లతో బేరాలు, పనివాళ్లకు పురమాయింపులు, వచ్చేపోయే ఆడవాళ్లతో కబుర్లు. ఆ కబుర్లలోనే భాష పట్టుబడింది. మాట్లాడటంలో ఆమెదే పైచేయి అయింది.

దానితో ఆగలేదు. రంగూన్‌లో ఉండే సయాం వాళ్ల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని మత్తయి సువార్తను అందులోకి మార్చింది. ఇప్పటి థాయ్ భాషలో బైబిలు భాగం ఒకటి రావడం అదే మొదలు. సయామీ భాషలో ఆమె తెచ్చిన ప్రశ్నోత్తరాల చిన్న పుస్తకం 1819లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఈ మధ్యలోనే కొడుకు పుట్టాడు, ఎనిమిది నెలలు నిండకుండానే పోయాడు. బర్మీయుల్లో మొదటి బాప్తిస్మం 1819 జూన్ 27న జరిగింది. వచ్చిన ఆరేళ్లకు ఒక్క మనిషి!

సంకెళ్ల కాలం

మొదట్లో చెప్పిన ఆ ఆవా జైలుకు బర్మీయులు పెట్టుకున్న పేరు లెట్ మా యూన్. చెయ్యి వెనక్కి తీయకు అని దానికి అర్థం. కాళ్లకు మొదట మూడు జతల సంకెళ్లు. రాత్రయితే సంకెళ్ల మధ్య నుంచి వెదురు గడ దూర్చి, భుజాలు మాత్రమే నేలకు ఆనేలా కాళ్లు పైకి లాగి వదిలేసేవారు. ఖైదీకి తిండి పెట్టే బాధ్యత జైలుది కాదు, ఇంటివాళ్లు తెచ్చుకోవాలి. ఆన్ ఇంటి నుంచి జైలుకు రెండు మైళ్లు. అప్పటికి ఆమె నిండు గర్భిణి కావస్తోంది. అలాగే నడిచేది. అధికారుల గడపలు ఎక్కేది, దిగేది. ఒకరు పొమ్మంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లేది. ఇచ్చిన కానుకలకూ, పోసిన లంచాలకూ అంతులేదు.

ఆమెను పరాయిదానిగా చూడకుండా ఉండాలంటే మా కట్టు కట్టుకోమని నగర గవర్నర్ భార్య సలహా ఇచ్చింది. అలాగే కట్టింది. పట్టు బట్ట, కుంకుమపువ్వు రంగు రవిక, ఉంగరాల జుట్టును సాఫీగా దువ్వి పైకి ముడి వేసి, అందులో కొబ్బరి పూత తురుముకునేది. గొలుసులు ఈడ్చుకుంటూ జైలు గుమ్మం దాకా వచ్చిన జడ్సన్‌కు ఎదురుగా ఆ వేషంలో నిలబడిందంటే, ఆ ఘడియ తలచుకుంటేనే గొంతు పట్టేస్తుంది.

ఒకరోజు భర్తకు పుట్టిన ఊరి రుచి చూపించాలనుకుంది. న్యూ ఇంగ్లండ్ ఇళ్లలో పండగలకు మాంసం, పండ్లు పిండిలో దట్టించి మిన్స్ పై అనే వంటకం చేస్తారు. ఆవాలో ఆ సరుకులు ఎక్కడ దొరుకుతాయి? గేదె మాంసం, అరటిపండ్లు పెట్టి చేసి మౌంగ్ ఇంగ్ చేతికిచ్చి పంపింది. అది చూసి జడ్సన్‌కు అమ్మా, ఇల్లూ గుర్తొచ్చి దుఃఖం ఆగలేదు. ముద్ద నోట పెట్టలేక పక్క ఖైదీకి ఇచ్చేశాడు.

జైలు ఆవరణలో రాజుగారికి ఎవరో బహుమతిగా ఇచ్చిన సింహం ఉండేది. ఇంగ్లీషువాళ్ల గుర్తు సింహం కదా, దాని వల్లే అరిష్టమని బోనులో పెట్టి మాడ్చి చంపారు. జడ్సన్‌కు జ్వరం ముదిరినప్పుడు ఆ ఖాళీ బోను ఇప్పించమని ఆన్ ప్రాధేయపడింది. కిక్కిరిసిన చీకటి గదికంటే అందులో గాలి వస్తుందని!

పాల కోసం ఊరంతా

పాప మరియ 1825 జనవరి 26న పుట్టింది. మూడు నెలలకే ఖైదీలను ఔంగ్‌బిన్లే అనే పల్లెకు, మండే ఇసుకలో చెప్పుల్లేకుండా నడిపించారు. ఆన్ చంటిపిల్లనూ, తను పెంచుతున్న ఇద్దరు బర్మా ఆడపిల్లలనూ, బెంగాలీ వంటమనిషినీ వెంటబెట్టుకుని వెనకే వెళ్లింది. ఆరు నెలల పాటు ఆమె ఇల్లు సగం ధాన్యంతో నిండిన ఒక గది. అక్కడ పిల్లలకు మశూచి సోకింది. ఆన్ తన చేత్తోనే జైలరు పిల్లలకు టీకాలు వేసింది. సంగతి పాకి ఊరిపిల్లలనందరినీ ఆమె దగ్గరికి తెచ్చారు.

తర్వాత తనే మంచాన పడింది. పాలు ఇంకిపోయాయి. పాప ఏడుపు వినలేక జైలువాళ్లకు డబ్బు ముట్టజెబితే, రోజూ కాసేపు జడ్సన్‌ను బయటకు వదిలేవారు. సంకెళ్ల కాళ్లతోనే పాపను ఎత్తుకుని, బాలింతలున్న ఇళ్ల ముందు నిలబడి పాలు అడుక్కునేవాడు. ఏ బర్మా తల్లులు పట్టారో వాళ్ల పేర్లు చరిత్రలో లేవు. ఆ బెంగాలీ వంటమనిషి పేరూ లేదు. కులం కట్టుబాట్లు పక్కన పెట్టి, జీతం అడగకుండా, కట్టెలు, నీళ్లు మోసి, తను తినే వేళకు చీకటి పడేదట. అతన్ని ఆన్ తన ఉత్తరంలో మనసారా తలచుకుంది.

పట్టు గొడుగు

1826 ఫిబ్రవరి 24న యాండబో సంధి కుదిరింది. ఇంగ్లీషు సేనాని క్యాంబెల్ విందులో ఆన్‌ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న బర్మా అధికారుల్లో ఒక ముసలాయన గజగజ వణికిపోతున్నాడు. ఏమిటి సంగతి? భర్త జ్వరంతో అయిదు జతల సంకెళ్లలో ఉన్నప్పుడు ఆన్ మైళ్లు నడిచి అతని గడప తొక్కింది. మధ్యాహ్నం దాకా నిలబెట్టి, కాదని పంపేశాడు. పోతుంటే చేతిలోని పట్టు గొడుగు లాక్కున్నాడు. ఎండ భరించలేను, కనీసం కాగితం గొడుగైనా ఇవ్వమంటే, లావుపాటి వాళ్లకే వడదెబ్బ, నీలాంటి బక్కదాన్ని సూర్యుడు కనిపెట్టలేడని నవ్వాడు. ఇప్పుడు తన తల పోతుందని అతని భయం. ఆన్ బర్మా భాషలో అతనికి మెల్లగా చెప్పింది, భయపడాల్సింది ఏమీ లేదని.

నెల్లూరుకు దారి

జడ్సన్ దంపతులు బాప్టిస్టులవడం వల్లే, వాళ్లను ఆదుకోవడానికి అమెరికా బాప్టిస్టులు 1814లో ఫిలడెల్ఫియాలో కలిసి మిషన్ సంఘం పెట్టుకున్నారు. 1835లో శామ్యూల్ డేను తెలుగువాళ్ల మధ్యకు పంపింది ఆ సంఘం వారే. ఆయన విశాఖ, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరు చేరారు. 1878 జూలై 3న ఒంగోలు వైపు, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఈ మిషన్‌లోనే. కోస్తాలో జడ్సన్ అన్న పేరు పెట్టుకున్నవాళ్లు తారసపడితే, ఆ పేరు వెనక ఆన్ కూడా ఉందని చెప్పండి.

నల్ల లక్క ముద్ర

విడుదలయ్యాక జడ్సన్ దంపతులు సముద్రపు ఒడ్డున కొత్తగా కడుతున్న ఆమ్‌హర్స్ట్‌కు చేరారు. ఇప్పుడు ఆ ఊరు క్యైక్కమీ. దుబాసీగా రావాలని పిలుపు వస్తే జడ్సన్ మళ్లీ ఆవా వెళ్లాడు. ఆన్ వెదురు ఇల్లు, చిన్న బడి కట్టించుకుని పని మొదలుపెట్టింది. జ్వరం వచ్చింది. జైలు ఏళ్లు పిండేసిన ఒళ్లు తట్టుకోలేకపోయింది. 1826 అక్టోబరు 24న కన్నుమూసింది. ముప్పై ఆరేళ్లు.

నల్ల లక్క ముద్ర వేసిన ఉత్తరం నెల తర్వాత ఆవాలో జడ్సన్ చేతికి వచ్చింది. పాపకు బాగాలేదని అంతకుముందే కబురు విని ఉన్నాడు. తెచ్చినవాడూ బిడ్డ పోయిందనే అన్నాడు. గదిలోకి వెళ్లి విప్పి చూస్తే అందులో ఉన్నది ఆన్ పేరు. ఆరు నెలలకు మరియ కూడా పోయింది. ఆమ్‌హర్స్ట్‌లో ఒక పెద్ద చెట్టు కింద తల్లి పక్కనే పడుకోబెట్టారు.