తేరిన నీళ్లు, అలసిన కళ్లు

శ్రావణమాసంలో భద్రాచలం దగ్గర గోదావరి ఎర్రగా పారుతుంది. బోర్లు, కుళాయిలు రాకముందు ఒడ్డు గూడేల్లో ఆ నీళ్లే తాగేవాళ్లు. బురదనీటికి విరుగుడు చిల్లగింజ. ఇండుపగింజ అన్నా అదే. బఠాణీ కన్నా కాస్త పెద్దగా, గుండ్రంగా, చదునుగా ఉంటుంది. గింజను తడిపి, కుండ లోపలివైపు గరుకుగా ఉన్నచోట రుద్దితే గంధంలాంటి ముద్ద దిగుతుంది. ఆ కుండలో నీళ్లు పోసి కదపకుండా ఉంచితే, గింజలోని మాంసకృత్తులూ జిగురు పదార్థాలూ మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటించి అడుక్కి దించేస్తాయి. పైన తేటనీరు మిగులుతుంది.

సుశ్రుతుడు నీటిని తేర్చే పదార్థాల్లో ఈ గింజను కతకం పేరుతో చేర్చాడు. ప్రాచీన వైద్యులు దీన్ని కంటి మందుల్లోనూ వాడారు. కొత్తగూడెం నుంచి చర్ల దాకా పరుచుకున్న ఈ అడవిలోనే కరక, తాని, ఉసిరి చెట్లూ ఉన్నాయి. ఆ మూడు కాయలూ కలిస్తే త్రిఫల. ఆయుర్వేద కంటి వైద్యానికి వెన్నెముక అదే. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో చిల్లగింజలూ, కరక్కాయలూ ఉన్నాయి. కోయ మహిళలు ఎండలో ఏరి సంతకు మోసుకొచ్చే ఈ సరుకు పట్నంలో అందమైన సీసాల్లోకి చేరేసరికి ఎన్నో రెట్లు ఖరీదవుతుంది. ఏరిన చేతికి దక్కేది మాత్రం కొద్దే. కంటి వైద్యం గొప్పదని చెప్పుకునే మనం ముందు ఈ లెక్క సరిచేయాలి.

ఇప్పుడు ఏజెన్సీ గూడేల్లోకీ ఫోన్ వచ్చింది. మీసేవ కేంద్రంలో రోజంతా తెర ముందు కూర్చునే కుర్రాడి దగ్గర్నుంచి ఖమ్మంలో ఇంటి నుంచే ఉద్యోగం చేసే ఇంజినీర్ దాకా అందరి ఫిర్యాదూ ఒకటే: కళ్లు మంట, ఇసుక పడ్డట్టు గరగర, సాయంత్రానికి మసక, తలనొప్పి. మామూలుగా నిమిషానికి 15 సార్లదాకా కొట్టుకునే రెప్ప, తెర చూస్తున్నప్పుడు 5 నుంచి 7 సార్లకు పడిపోతుంది. అదీ చాలాసార్లు పూర్తిగా మూసుకోదు. దాంతో కంటిపై ఉండే నీటిపొర ఆరిపోతుంది. దగ్గరి అక్షరాల మీదే గంటల తరబడి చూపు నిలిపి ఉంచడంతో కంటి లోపలి కండరం సడలకుండా బిగుసుకుపోతుంది.

దీనికి ఆయుర్వేదం ఏం చెబుతుంది? అష్టాంగాల్లో ఒకటైన శాలాక్య తంత్రం మెడకు పైనున్న అవయవాలది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో 76 కంటి రోగాలను వర్ణించారు. సేకం, ఆశ్చోతనం, అంజనం, పుటపాకం, తర్పణం అనే చికిత్సలు చెప్పారు. వీటిలో తర్పణం విశేషమైనది. గాలి, ఎండ, దుమ్ము లేని గదిలో రోగిని వెల్లకిలా పడుకోబెడతారు. మినప్పిండి ముద్దను కంటి చుట్టూ గట్టులా కడతారు. వేడినీళ్ల మీద కరిగించిన ఔషధ ఘృతాన్ని, తరచుగా త్రిఫల ఘృతాన్ని, గోరువెచ్చగా రెప్పవెంట్రుకలు మునిగేదాకా పోస్తారు. రోగి మెల్లగా కళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటాడు. నిర్ణీత సమయమయ్యాక కంటి చివర గట్టుకు దారి చేసి నెయ్యి తీసేస్తారు. ఆ తరవాత పాటించాల్సిన పథ్యం చూడండి: వెలుతురు, గాలి, ఆకాశం, అద్దం, మెరిసే వస్తువులు చూడకూడదు. నన్నడిగితే చికిత్సలో సగం బలం ఈ పథ్యానిదే. తర్పణం చేయించుకుని బయటికొస్తూనే ఫోన్ తెరిచేవాళ్లకు నెయ్యి ఖర్చు తప్ప ఫలితం దక్కదు.

దీని మీద పరిశోధన లేకపోలేదు. 2010లో జామ్‌నగర్ ఆయుర్వేద వైద్యులు కంప్యూటర్ వల్ల అలసిన కళ్లకు త్రిఫల చుక్కలు, సప్తామృత లోహం అనే మందు వాడి ఉపశమనం దొరికిందని నివేదించారు. ఇలాంటి అధ్యయనాలు చిన్నవి. పెద్ద ఎత్తున రుజువు కావాల్సింది ఇంకా ఉంది. తర్పణం అర్హత గల ఆయుర్వేద వైద్యుడి చేతుల్లో, శుభ్రమైన మందుతో జరగాలి. వంటింట్లో నెయ్యి కరిగించి కంట్లో పోసుకోవడం మాత్రం తర్పణం కాదు.

ఇక్కడే నా ఆందోళన. ఖమ్మం మిర్చి కోతల్లో, వరి నాట్లలో కంటికి ఆకో గింజో తగిలి గీత పడుతుంది. చిన్న గాయమే. దానిమీద ఆకుపసరు, చనుబాలు, ఆముదం పోస్తే బ్యాక్టీరియా, శిలీంధ్రం చేరి నల్లగుడ్డు పుండవుతుంది. మానినా కంట్లో పువ్వు మిగిలిపోతుంది. పసరు పిండటం శాలాక్యం కాదు. ఆయుర్వేదం పేరుతో ఆ పని చేయకండి.

నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకోవడం, పొన్నగంటి కూర, మునగాకు వండుకోవడం మన ఇళ్లలో ఉన్నవే. పూలు చల్లదనానికి, ఆకుకూరలు విటమిన్-ఎ కోసం. పిల్లల రేచీకటికి ఆ కూరలు నిజంగానే అడ్డుకట్ట. అయితే తెర అలసటను అవి తీర్చవు. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని చెట్టును ఇరవై సెకన్లు చూడండి. తెర కంటి మట్టానికి కాస్త కిందగా, చేతి దూరంలో ఉంచండి. రెప్ప పూర్తిగా మూయండి. పిల్లల్ని రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడనివ్వండి, హ్రస్వదృష్టి రాకుండా అదే మేలైన రక్షణ. నీలి కాంతి అద్దాలతో అలసట తగ్గుతుందన్న మాటకు 2023 నాటి కాక్రేన్ సమీక్షలో గట్టి ఆధారం దొరకలేదు.

నలభై దాటినవాళ్లలో చాలామంది అలసటకు అసలు కారణం దగ్గరిచూపు తగ్గడం. తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’ రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలోనే మొదలై, అలాంటివాళ్లకు ఉచితంగా కళ్లద్దాలు ఇచ్చింది. మందు కొనే ముందు కంటి పరీక్ష చేయించుకోండి. కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా ఏ పసరూ వేయకుండా అదే రోజు కంటి వైద్యుణ్ని కలవండి.